చదవని కాగితం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: నా వయసు 27. డిగ్రీ తర్వాత పరీక్ష రాసి ఎస్సైగా ఎంపికయ్యాను. శిక్షణ పూర్తయింది. ప్రొబేషన్‌లో రెండు మూడు స్టేషన్లలో పని నేర్చుకున్నాను. త్వరలో కోస్తాలోని ఒక మండల పోలీస్ స్టేషన్‌కు ఎస్‌హెచ్‌ఓగా (స్టేషన్ బాధ్యురాలిగా) వెళుతున్నాను. అక్కడి సిబ్బందిలో సగం మంది మా నాన్న వయసువారు. ఇంకా చార్జి తీసుకోకముందే ఒకరు ఫోన్ చేసి, 'మేడమ్, స్టేషన్ సంగతి రైటర్ గారు చూసుకుంటారు, మీరు బందోబస్తులు, మీటింగులు చూసుకుంటే చాలు' అన్నారు. నేను కేసులు దర్యాప్తు చేశాను గానీ, పదిమంది చేత పని చేయించిన అనుభవం లేదు. పర్యవేక్షణ అంటే అసలు ఏమి చేయాలి? అందుకు తగిన అర్హత నాకు ఉందా? మా తమ్ముడు కూడా ఎస్సై ఉద్యోగానికి సిద్ధమవుతున్నాడు. వాడికి ఏమి చెప్పాలో కూడా రాయగలరు.
ఒక ఎస్సై

జవాబు: ఆ ఫోన్ చేసిన వ్యక్తి తెలియకుండానే మీకు మేలు చేశారు. ఆ స్టేషన్ ఇన్నాళ్లూ ఎలా నడిచిందో ఒక్క మాటలో చెప్పేశారు. ఎస్సైలు వస్తుంటారు, పోతుంటారు, స్టేషన్ రికార్డులు రాసే రైటర్ మాత్రం ఉంటారు. కొత్తగా వచ్చిన అధికారి మంత్రుల పర్యటనలకూ, జాతర బందోబస్తులకూ, సీఐ గారి మీటింగులకూ తిరిగి చీకటి పడ్డాక స్టేషన్‌కు చేరేసరికి టేబుల్ మీద కాగితాల దొంతర సిద్ధంగా ఉంటుంది. 'మేడమ్, ఇక్కడొక సంతకం. ఇక్కడ కూడా.' అలసిన మనిషి పెట్టేస్తారు. నేను ఖాకీలో ఉన్న కాలంలో లంచం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవారిని చూశాను, లాకప్‌లో చెయ్యి చేసుకుని కేసుల పాలైనవారినీ చూశాను. సొంతంగా ఏ పాపమూ ఎరగకుండా, చదవకుండా పెట్టిన సంతకం వల్ల ఇరుక్కున్నవారిని కూడా చూశాను. వారి మీద నాకు జాలి ఎక్కువ. కానీ విచారణాధికారి ముందు ఆ జాలి ఎందుకూ పనికిరాదు.

అందుకే మీ మొదటి ప్రశ్నకు నా జవాబు చిన్నది. స్టేషన్‌లో జరిగే పనిలో మీరు స్వయంగా చేసేది కొంతే. మిగిలినదంతా వేరే చేతుల మీదుగా జరిగి మీ పేరుతో బయటకు వెళుతుంది. ఆ మిగిలినదాన్ని మీరు ఎంత చదువుతారో, ఎంత లెక్కపెడతారో, ఎంత ప్రశ్నిస్తారో అంతే మీ పర్యవేక్షణ. దొంగను వెంటాడి పట్టుకున్న ఎస్సై ఫొటో పేపర్లో వస్తుంది. పంచనామాలో తేదీ తప్పు పడిందని గమనించి అప్పటికప్పుడు పట్టుకున్న ఎస్సై ఫొటో ఎక్కడా రాదు. ఆ దొంగకు శిక్ష పడేది మాత్రం రెండో అధికారి వల్లనే.

చట్టం మీ కుర్చీని ఎలా చూస్తుందో ముందు తెలుసుకోండి. స్టేషన్ ఆఫీసర్ ఇన్‌చార్జి ఒక మనిషి పేరు కాదు, ఒక బాధ్యత. మీరు స్టేషన్‌లో లేనప్పుడు అక్కడున్నవారిలో మీ తర్వాతి హోదా గలవారు, కానిస్టేబుల్ కంటే పైవారైతే చాలు, ఆ బాధ్యతలో ఉన్నట్టే లెక్క. అంటే మీరు బందోబస్తుకు వెళ్లిన రోజు ఏ హెడ్ కానిస్టేబుల్ కూర్చుంటారో, ఫిర్యాదు పట్టుకొచ్చిన మనిషికి స్టేషన్ అంటే ఆయనే. అలాగే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత 30వ సెక్షన్ ప్రకారం మీ పైన ఉన్న సీఐ, డీఎస్పీ, ఎస్పీ తమ తమ పరిధిలో ఎస్‌హెచ్‌ఓకు ఉన్న అధికారాలన్నీ వాడవచ్చు. కాబట్టి మీరు పర్యవేక్షించేవారూ, మిమ్మల్ని పర్యవేక్షించేవారూ ఒకే గొలుసులో ఉన్నారు. కిందివారిని కనిపెట్టుకుని ఉండటమే కాదు, పైవారికి చెప్పవలసింది సమయానికి చెప్పడం కూడా మీ పనిలో భాగమే. అది కూడా నోటిమాటతో సరిపెట్టక రాతలో చెప్పండి.

ఇక అసలు పని చార్జి తీసుకునే రోజునే మొదలవుతుంది. చార్జి లిస్టు మీ ముందు పెడతారు. ఆయుధాలు, తూటాలు, కేసుల్లో పట్టుబడిన సొత్తు, స్టేషన్ వాహనాలు, వైర్‌లెస్ సెట్లు, దర్యాప్తులో ఉన్న యూఐ కేసులు, కోర్టు విచారణలో ఉన్న పీటీ కేసులు, అమలు కాని వారెంట్లు, సమన్లు అన్నీ అందులో ఉంటాయి. 'అన్నీ కరెక్టే మేడమ్, సాయంత్రం ఎస్పీ ఆఫీసుకు పంపాలి' అంటారు. పంపకండి. ఒక రోజు ఆలస్యమైతే ఎవరూ ఉరి తీయరు. తూటాలు లెక్కపెట్టండి. ప్రాపర్టీ గది తాళం తీయించి, రిజిస్టర్‌లోని ఒక్కొక్క నంబరునూ చీటీతో సరిచూడండి. బంగారం, నగదు, గంజాయి ఈ మూడింటి దగ్గర రెండుసార్లు చూడండి. ఏది కోర్టుకు జమ చేశారు, ఏది ఇంకా గదిలోనే ఉంది, రసీదు ఏదీ అని అడగండి. తక్కువ వస్తే చార్జి లిస్టులోనే ఆ మాట రాసి, కింద సంతకం పెట్టి, సీఐ గారికి తెలియజేయండి. ఆ రోజు రాయకపోతే రెండేళ్ల తర్వాత ఆ లోటు మీది. పాత ఎస్సై అప్పటికి ఏ జిల్లాలో ఉంటారో!

యూఐ కేసుల జాబితా కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. ఒక్కొక్క కేసు డైరీ తెరిచి మూడు సంగతులు చూడండి: చివరి ఎంట్రీ ఎప్పటిది, ఏ రిపోర్టు కోసం ఆగింది, గడువు ఎప్పుడు ముగుస్తుంది. నిందితుడు రిమాండ్‌లో ఉన్న కేసుల్లో నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ అతని హక్కుగా మారుతుంది. అత్యాచారం, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో సమాచారం నమోదైన నాటి నుంచి రెండు నెలల్లో దర్యాప్తు ముగించాలి. ఫిర్యాదుదారుకు 90 రోజుల్లోగా దర్యాప్తు ఎక్కడి వరకు వచ్చిందో చెప్పాలని కొత్త చట్టం అంటోంది. ఇది చాలా స్టేషన్లలో ఎవరికీ గుర్తుండదు. ఒక గోడ క్యాలెండర్ తెచ్చి ఈ తేదీలను ఎర్ర సిరాతో గుర్తు పెట్టించండి. సీసీటీఎన్‌ఎస్‌లో (పోలీసు కేసుల కంప్యూటర్ వ్యవస్థలో) ఉందిగా అంటారు. గోడ మీద ఉన్నది వచ్చేపోయే ప్రతి ఒక్కరికీ కనబడుతుంది, కంప్యూటర్లో ఉన్నది తెరిచినవారికే.

ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీ సీసీటీఎన్‌ఎస్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. రైటర్ అడుగుతారు. దురుద్దేశంతో అని నేననను, పని ఆగకూడదని అడుగుతారు. చాలామంది ఎస్సైలు మొదటి వారంలోనే ఇచ్చేస్తారు. ఆ క్షణం నుంచి మీ పేరున ఏ ఎఫ్‌ఐఆర్ ఏ గంటలో ఎక్కిందో మీకు తెలియదు. కాగితం మీద మీ సంతకాన్ని మరొకరు పెడితే ఫోర్జరీ అంటాం. కంప్యూటర్లో అదే పనిని సౌకర్యం అంటున్నాం.

రైటర్ గారితో ఎలా మెలగాలన్నదే మీ ఉత్తరంలో అసలు ప్రశ్న అనుకుంటున్నాను. వెళ్లిన వెంటనే ఆయన్ను మార్చకండి. స్టేషన్ జ్ఞాపకశక్తి అంతా ఆయన దగ్గర ఉంది. ఏ కేసులో ఏ సాక్షి ఊరు విడిచి పోయాడో, ఏ ఫైలు కోర్టులో ఏ బెంచి క్లర్కు దగ్గర ఉందో, ఎస్పీ ఆఫీసులో ఏ రిపోర్టు ఏ తేదీకి అడుగుతారో ఆయన నోటిలో ఉంటుంది. అది అవసరం. ఒక్కరి నోటిలోనే ఉండటం మాత్రం ప్రమాదం. కొంచెం చురుకైన కానిస్టేబుల్‌ను ఒకరిని, వీలైతే ఒక మహిళా కానిస్టేబుల్‌ను, ఆయనకు సహాయకురాలిగా వేసి పని నేర్పించమనండి. ఆయన సంతోషంగా నేర్పితే మంచి మనిషి దొరికినట్టే. నేర్పకుండా నాన్చుతుంటే ఎందుకో మీరే కనుక్కోండి.

జనరల్ డైరీని (జీడీ) రోజూ చదవండి. ఉదయం ఒక పావుగంట చాలు. ఎవరు డ్యూటీకి ఎక్కారు, ఎవరు దిగారు, ఎవరు ఏ ఊరికి వెళ్లారు, ఎవరిని తీసుకొచ్చారు, ఎవరిని పంపారు అన్నీ అందులో పడాలి. ఎక్కడైనా కాలమ్‌లో ఖాళీ వదిలి ఉంటే, 'తర్వాత రాద్దామని మేడమ్' అన్నారంటే అక్కడ ఆగండి. తర్వాత రాసే ఖాళీలోనే అక్రమ నిర్బంధాలు పుడతాయి. జీడీలో లేని మనిషి లాకప్‌లో ఉండకూడదు. స్టేషన్ వెనక క్వార్టర్స్‌లోనూ ఉండకూడదు. ఎక్కడైనా ఉన్నాడంటే అందరికంటే ముందు జవాబు చెప్పవలసింది మీరే.

ఎఫ్‌ఐఆర్ విషయంలో మొదటి రోల్ కాల్‌లోనే మీ మాట స్పష్టంగా చెప్పండి. కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా అరెస్టు చేయదగినది) జరిగినట్టు ఫిర్యాదులో ఉంటే కేసు కట్టడం తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇప్పుడు చట్టంలోనే 173వ సెక్షన్ కింద, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని ఉంది. వేరే స్టేషన్ పరిధిలోని నేరానికి కట్టే జీరో ఎఫ్‌ఐఆర్ ఇష్టాయిష్టాల సంగతి కాకుండా పోయింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలుంది. ఈ 14 రోజులను ఫిర్యాదుదారును తిప్పుకోవడానికి వాడే అలవాటు మీ స్టేషన్‌లో మొదలు కానివ్వకండి. అత్యాచారం, యాసిడ్ దాడి వంటి నేరాల ఫిర్యాదు నమోదు చేయని అధికారికి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు కఠిన కారాగారం ఉంది. మీరు లేని రాత్రి కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ ఆ మహిళను 'రేపు మేడమ్ వచ్చాక రండి' అని పంపేస్తే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే ఆయనకు ముందే చెప్పి ఉంచాలి: ఎంత రాత్రయినా నాకు ఫోన్ చేయండి, నిద్ర లేపారని కోప్పడను. చెప్పిన తర్వాత నిజంగానే కోప్పడకూడదు. ఒక్కసారి విసుక్కుంటే చాలు, ఆ తర్వాత ఏ రాత్రీ మీకు ఫోన్ రాదు.

అరెస్టుల దగ్గర పాతవారి అలవాట్లకూ చట్టానికీ దూరం ఎక్కువ. అరెస్టుకు బదులు హాజరు కమ్మని ఇచ్చే నోటీసునూ, సాక్షి వాంగ్మూలాన్నీ వారు ఇప్పటికీ పాత సెక్షన్లతో 'నలభై ఒకటి ఏ నోటీసు', 'నూట అరవై ఒకటి స్టేట్‌మెంట్' అనే అంటారు. 2024 జూలై 1 నుంచి అవి 35వ సెక్షన్, 180వ సెక్షన్ అయ్యాయి. మాటలో పాత నంబరు వస్తే నవ్వుకోండి, కాగితంలో వస్తే దిద్దండి. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దని, చేస్తే అవసరం ఏమిటో కారణాలతో రాయాలని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. మూడేళ్లలోపు శిక్ష గల నేరంలో నిందితుడు అరవై దాటినవారో, అనారోగ్యంతో ఉన్నవారో అయితే డీఎస్పీ ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు కుదరదు. అరెస్టు చేస్తే కారణాలు చెప్పాలి, బంధువులకు తెలపాలి, వైద్య పరీక్ష చేయించాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. కారణాలను రాతపూర్వకంగా ఇచ్చారా లేదా అన్నదానిపై సుప్రీంకోర్టు ఇటీవల గట్టిగా పట్టుబడుతోంది. ఇవన్నీ మీకు అకాడమీలో చెప్పారు. మీరు పాటిస్తారని నాకు అనుమానం లేదు. మీ ఏఎస్సై పాటించారా లేదా అని రిమాండ్ రిపోర్టు మీద సంతకం పెట్టేముందు చూడటమే ఇప్పుడు మీ కొత్త పని. అరెస్టు మెమోలోని సమయం, జీడీలోని సమయం, ఆసుపత్రి రికార్డులోని సమయం మూడూ పక్కపక్కన పెట్టండి. డిఫెన్సు లాయరు చేసేది కూడా అదే, కాకపోతే కోర్టులో, మిమ్మల్ని బోనులో నిలబెట్టి.

లాకప్ గురించి ఎక్కువ చెప్పను, ఒక్క విషయం తప్ప. స్టేషన్లన్నింటిలో, లాకప్‌లతో సహా, సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు, అవి పని చేసేలా చూడటం, పాడైతే వెంటనే తెలియజేయడం ఎస్‌హెచ్‌ఓ బాధ్యత అని పేరు పెట్టి చెప్పింది. 'ఆ రోజు కెమెరా పని చేయలేదు' అన్న మాట ఇక మీకు రక్షణ కాదు, మీ మీద అభియోగమే. పాడైన రోజే జీడీలో రాసి, జిల్లా కార్యాలయానికి లేఖ పంపి, నకలు దాచుకోండి. అడుగు పెట్టిన రోజు అన్ని కెమెరాలూ తెరపై కనబడుతున్నాయో లేదో చూడండి.

పెద్దవయసు సిబ్బంది చేత పని చేయించడం ఎలా అని మీ బెంగ. దానికి మీ డ్యూటీ చార్టే జవాబు. పోలీస్ స్టేషన్‌లో అధికారి నిజాయితీని కానిస్టేబుల్ ఉపన్యాసంలో వెతకడు, డ్యూటీ చార్టులో వెతుకుతాడు. ఎవరికి వరసగా సెంట్రీ పడుతోంది, ఎవరికి ఎప్పుడూ కోర్టు డ్యూటీయే దొరుకుతోంది, పండగ రోజున ఎవరు ఇంట్లో ఉన్నారు, ఎవరు రథోత్సవంలో తాడు పట్టుకుని నిలబడ్డారు అన్నది అందరికీ కంఠతా ఉంటుంది. ఈ చార్టును సాధారణంగా రైటరే వేస్తారు. ఆయన బలమంతా అక్కడే ఉంది. దాన్ని మీ చేతిలోకి తీసుకోండి. ఆయన్ను ముసాయిదా వేయమనండి, మీరు పాత మూడు నెలల చార్టులు పక్కన పెట్టుకుని దిద్దండి. సెంట్రీ, నైట్ బీట్, బ్లూ కోల్ట్స్ (మోటార్‌సైకిల్ గస్తీ), ఖైదీల ఎస్కార్ట్, సమన్లు, తపాలా, బందోబస్తు అందరి మధ్యా తిరగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన్ను రాత్రంతా గేటు దగ్గర నిలబెట్టకండి. అలాగని ఆయన వంతు ఎప్పుడూ ఒకే కుర్రవాడి మీద వేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పోలీసులకు వారానికొక రోజు సెలవు ప్రకటించారు. అది మీ స్టేషన్‌లో నిజంగా ఎంతమందికి దక్కుతోందో మీరే చూసుకుని, కనీసం వంతులవారీగా దక్కేలా చేయండి. ఇది కూడా పర్యవేక్షణే. హోంగార్డులకు నెల జీతం లేదు, డ్యూటీ చేసిన రోజుల లెక్కన భత్యం వస్తుంది. వారి హాజరు రిజిస్టర్‌లో ఒక గీత తప్పు పడితే వారింట్లో ఆ రోజు కూలీ పోయినట్టు. ఆ రిజిస్టర్ కూడా చదవండి.

రాత్రి మూడు గంటలకు వెళ్లి సెంట్రీ నిద్రపోతుండగా పట్టుకోవడం కొత్త ఎస్సైలకు సరదా. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ మెమో రాసేముందు ఆ మనిషి ఆ పగలు ఎక్కడ ఉన్నాడో చార్టులో చూడండి. పొద్దుటి నుంచి హెలిప్యాడ్ దగ్గర ఎండలో నిలబడ్డవాడికి రాత్రి సెంట్రీ వేసి ఉంటే మెమో అందుకోవలసిన పేరు వేరు.

మీ హోదా పరిమితి కూడా గుర్తుండాలి. కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేసే అధికారం ఎస్సైకి లేదు. తప్పు జరిగితే జరిగినది జరిగినట్టు రాసి సీఐ ద్వారా ఎస్పీకి పంపడమే మీ పని. బెదిరింపుగా 'రిపోర్టు రాసేస్తా' అని రోజూ అనకండి. రాయవలసి వస్తే మాట్లాడకుండా రాయండి. ఫిర్యాదుదారుల ముందు కిందివారిని తిట్టకండి. పెద్దవారిని 'మీరు' అనే పిలవండి. మీరు ఏకవచనంలో పిలిస్తే వారు ఆ ఏకవచనాన్ని అదే రోజు రిసెప్షన్‌లో కూర్చున్న ముసలాయన మీద తీర్చుకుంటారు. మంచి పని చేసినవారికి జీఎస్‌ఈ (గుడ్ సర్వీస్ ఎంట్రీ) ప్రతిపాదన పంపడం మరిచిపోకండి. సర్వీసు పుస్తకంలో ఎక్కే ఆ మంచి మాట కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే హెడ్ కానిస్టేబుళ్లు ఉన్నారు. చాలామంది ఎస్సైలు రివార్డులు తమకు రావాలని మాత్రమే కోరుకుంటారు. మీ సంతకం పనికొచ్చే మంచి కాగితం ఏదైనా ఉందంటే అది ఇదే.

పెద్దవయసు సిబ్బంది దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. ఏ ఊరిలో ఏ రెండు కుటుంబాల పగ ఎప్పటిది, ఏ చెరువు గట్టు గురించి ఏటా తగాదా వస్తుంది, ఏ రౌడీషీటర్ నిజంగా మారాడు, ఎవరు మారినట్టు నటిస్తున్నారు అన్నది బీట్ హెడ్ కానిస్టేబుల్‌కు తెలిసినట్టు ఏ రికార్డుకూ తెలియదు. అడగండి. అడిగితే చిన్నతనం అనుకోకండి. విన్నాక నిర్ణయం మాత్రం మీరే తీసుకోండి, ఎందుకు తీసుకున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి. 'ఇక్కడ ఎప్పుడూ ఇలాగే చేస్తాం మేడమ్' అన్న మాట వినబడితే, ఏ సెక్షన్ కింద చేస్తున్నారు అని మర్యాదగా అడగండి. చాలాసార్లు జవాబు ఉండదు. కొన్నిసార్లు మంచి జవాబే ఉంటుంది, అప్పుడు ఆ పద్ధతి ఉంచేయండి.

మండల స్టేషన్లలో మీకు ఎక్కువ ఒత్తిడి వచ్చేది హత్య కేసుల్లో అనుకోకండి. పొలం గట్టు, ఇంటి సరిహద్దు, వడ్డీ బాకీ, వాటాల తగవు ఇలాంటి వాటిలోనే వస్తుంది. సివిల్ తగాదాను స్టేషన్‌లో పరిష్కరించే అధికారం మీకు లేదు, మీ కిందివారికి అసలే లేదు. కానీ ఏదో ఒక పిటిషన్ పేరు చెప్పి కానిస్టేబుల్ ఫోన్ చేసి అవతలి మనిషిని పిలిపించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెడతాడు. సెటిల్‌మెంట్ల వ్యాపారం మొదలయ్యేది ఆ బెంచీ మీదే. ఒక నియమం పెట్టండి: ఎవరినైనా స్టేషన్‌కు పిలవాలంటే రాతపూర్వక నోటీసు ఉండాలి, దాని మీద మీ సంతకం ఉండాలి, నకలు ఫైల్లో ఉండాలి. సాక్షులుగా మహిళలనూ, 15 ఏళ్లలోపువారినీ, 60 దాటినవారినీ స్టేషన్‌కు రమ్మనకూడదు, వారున్న చోటికే వెళ్లాలి. నోటీసు లేకుండా బెంచీ మీద కూర్చున్న మనిషి కనబడితే, ఎవరు పిలిచారు అని ఆ మనిషినే అడగండి. ఈ ఒక్క అలవాటుతో రెండు నెలల్లో మీ స్టేషన్ పేరు మండలంలో మారుతుంది. కొందరు నాయకులకు మీరు నచ్చకపోవచ్చు. స్టేషన్ అధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఎంతవరకు అమలవుతోందో మీకు తెలియనిది కాదు. బదిలీకి భయపడి మొదటి నెలలో ఒప్పుకున్న ఒక్క సెటిల్‌మెంటు, ఆ తర్వాత ప్రతి నెలా మీ తలుపు తట్టుతుంది.

మహిళా ఎస్సై కావడం వల్ల మీకు అదనంగా ఒక బరువు ఉంటుంది. పోక్సో కేసుల్లో పిల్లల వాంగ్మూలం సాధ్యమైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారే, యూనిఫాం లేకుండా, వారింటి దగ్గర తీసుకోవాలి. పక్క స్టేషన్లలో మహిళా ఎస్సై లేకపోతే మిమ్మల్నే పిలుస్తారు. వెళ్లండి. కానీ వెళ్లిన ప్రతిసారీ పాస్‌పోర్ట్ (డ్యూటీ మీద బయటకు వెళ్లేవారికి స్టేషన్ ఇచ్చే కాగితం) తీసుకుని, వెళ్లిన సమయం, తిరిగి వచ్చిన సమయం మీ జీడీలో వేయించండి. మీ స్టేషన్‌లో ఆ సమయంలో ఏదైనా జరిగితే మీరెక్కడున్నారో ఆ కాగితమే చెప్పాలి. మరో మాట: మహిళా కానిస్టేబుళ్లందరినీ హెల్ప్ డెస్క్‌కే పరిమితం చేసే పద్ధతి మీ స్టేషన్‌లో ఉంటే మార్చండి. బీట్, దర్యాప్తు సహాయం, కోర్టు పని వారికీ రావాలి. ఈ మార్పుకు మగవారికంటే ముందు ఆ మహిళల్లోనే కొందరు అభ్యంతరం చెప్పవచ్చు, ఇంటి సమయాలు కుదరవని. ఎవరి ఇబ్బంది ఏమిటో విని సర్దండి, అందరికీ ఒకటే సూత్రం పెట్టకండి.

దర్యాప్తులో కొత్తగా వచ్చిన బాధ్యత వీడియోది. సోదా, స్వాధీనం జరిగిన ప్రతిసారీ 105వ సెక్షన్ ప్రకారం వీడియో తీయాలి. ఈ-సాక్ష్య యాప్ వచ్చింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష ఉన్న నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలి. వయసు మళ్లిన హెడ్ కానిస్టేబుళ్లకు ఫోన్‌తో ఇబ్బంది. వారిని ఎగతాళి చేయకుండా ఒక మధ్యాహ్నం స్టేషన్‌లోనే ఉత్తుత్తి సోదా పెట్టి చేయించండి. నేర్పనిదాన్ని చేయలేదని మెమో ఇవ్వడం న్యాయం కాదు.

నాకు అర్హత ఉందా అని అడిగారు. శాఖ దృష్టిలో ఆ ప్రశ్న తీరిపోయింది, మీ ఎత్తు, పరుగు, మార్కులు కొలిచి తీసుకున్నారు. నా దృష్టిలో ఇంకో మూడు కావాలి. అలసిపోయిన రాత్రి కూడా పది పేజీలు చదవగల ఓపిక. తెలియని సెక్షన్‌ను కానిస్టేబుల్ ముందే పుస్తకం తీసి చూసుకోగల నిబ్బరం. తండ్రి వయసు మనిషికి గొంతు పెంచకుండా 'కాదు' అని చెప్పగలగడం. మొదటిది మీ ఉత్తరంలోనే కనబడింది, ఎందుకంటే స్టేషన్ పనిని రైటర్‌కు వదిలేయమన్న సలహా మీకు నచ్చలేదు. మిగిలిన రెండూ పని చేస్తుండగా వస్తాయి.

మీ తమ్ముడికి: ఆంధ్రప్రదేశ్‌లో 2022 నోటిఫికేషన్ 411 ఎస్సై పోస్టులకు వచ్చింది. అప్పటి నియమాలివి: డిగ్రీ ఉండాలి. వయసు 21 నుంచి 27, ఆపైన వర్గాలవారీ సడలింపులు. మగవారికి ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3, ఊపిరి పీలిస్తే మరో 5 పెరగాలి. ఆడవారికి ఎత్తు 152.5, బరువు కనీసం 40 కిలోలు. ఏజెన్సీ ప్రాంత గిరిజనులకు ఈ కొలతలు తక్కువ. 1600 మీటర్ల పరుగు అందరికీ తప్పనిసరి, మగవారికి 8 నిమిషాలు. అతను తెలంగాణలో కూడా రాయాలనుకుంటే కొలతలు, సమయాలు వేరు, అక్కడి 2022 నియామకంలో మగవారికి అదే దూరానికి 7 నిమిషాల 15 సెకన్లే ఇచ్చారు. రాతపరీక్షలో అంకగణితం, రీజనింగ్, జనరల్ స్టడీస్ మార్కులే ర్యాంకును తేలుస్తాయి. చట్టానికి ప్రత్యేక పేపర్ లేదు. ఇంగ్లీషు, తెలుగు పేపర్లలో అర్హత మార్కులు వస్తే సరిపోతుంది కాబట్టి అందరూ వాటిని చివరి వారానికి వదిలేస్తారు. ఉద్యోగంలో చేరాక రోజంతా చేసేది ఆ రెండు పేపర్ల పనే: జరిగినదాన్ని వరసగా, అనుమానానికి తావు లేకుండా రాయడం. అతన్ని రోజూ ఒక పేజీ రాయమనండి. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు పోస్టుల సంఖ్య కంటే ముందు వయసు ఏ తేదీకి లెక్కిస్తారో చూసుకోమనండి. బాగా చదివిన కుర్రవాళ్లు ఆ తేదీ దగ్గరే పోతున్నారు.